టెన్యూర్ ట్రాక్ ఆఫర్ వచ్చింది: గ్రీన్‌కార్డు సంగతి ఎప్పుడు అడగాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికాలోనే పీహెచ్‌డీ పూర్తిచేసి, ప్రస్తుతం ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) మీద పోస్ట్‌డాక్‌గా పనిచేస్తున్నాను. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఎంపిక చేసి ఫిబ్రవరిలో ఆఫర్ లెటర్ పంపింది. ఆగస్టులో చేరాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లే వేస్తామన్నారు. గ్రీన్‌కార్డు మాట ఎత్తితే, "మూడో ఏడాది సమీక్ష అయ్యాక చూద్దాం" అన్నారు విభాగాధిపతి. చేరకముందే పట్టుబడితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. సంతకానికి ఇంకా వారం గడువుంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు

అభినందనలమ్మా. ఈ రోజుల్లో టెన్యూర్ ట్రాక్, అంటే కొన్నేళ్ల తర్వాత శాశ్వతమయ్యే అవకాశమున్న ఉద్యోగం దొరకడం మామూలు విషయం కాదు.

సంతకం పెట్టకముందే అడగండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే. నియామకాల కమిటీల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను కాబట్టి చెబుతున్నాను, మీ విభాగాధిపతి దురుద్దేశంతో అలా అని ఉండరు. గ్రీన్‌కార్డు దరఖాస్తుకు 18 నెలల గడువు ఉందన్న నిబంధన చాలామంది విభాగాధిపతులకు తెలియదు. కానీ ఆయన చెప్పినట్టు మూడేళ్లు ఆగితే మీకున్న సులువైన దారి మూసుకుపోతుంది.

మామూలు ఉద్యోగానికి పెర్మ్ (గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టుగా, ఆ పనికి అర్హులైన అమెరికన్లు దొరకలేదని కార్మిక శాఖకు చూపే దరఖాస్తు) వేసినప్పుడు, కనీస అర్హతలున్న అమెరికన్ ఒక్కరు ముందుకొచ్చినా కథ అక్కడితో ఆగిపోతుంది. కళాశాలల్లో పాఠాలు చెప్పేవారికి మాత్రం కార్మిక శాఖ ప్రత్యేక పద్ధతి పెట్టింది. పోటీలో వచ్చినవారందరికంటే మీరే ఎక్కువ అర్హులని విశ్వవిద్యాలయం చూపగలిగితే చాలు. మిమ్మల్ని ఎంపిక చేసినప్పుడు జరిపిన ప్రకటన, ఇంటర్వ్యూలే అందుకు ఆధారం. మళ్లీ ప్రకటన ఇవ్వక్కర్లేదు. అయితే ఎంపిక జరిగిన నాటి నుంచి 18 నెలల్లోపు దరఖాస్తు వేసెయ్యాలి. చేరిన రోజు నుంచి కాదు, ఎంపిక తేదీ నుంచి. ఫిబ్రవరిలో ఎంపికై ఆగస్టులో చేరేసరికి మీకు ఆరు నెలలు పోయినట్టే. వేతన నిర్ధారణ కోసం కార్మిక శాఖ దగ్గర ఇంకొన్ని నెలలు పడుతుంది. గడువు దాటితే అదే ఉద్యోగానికి మళ్లీ ప్రకటన ఇచ్చి, మీ కుర్చీకే కొత్త పోటీ పెట్టవలసి వస్తుంది.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. హెచ్-1బి మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఆరేళ్లు. టెన్యూర్ నిర్ణయం కూడా చాలాచోట్ల ఆరో ఏటే వస్తుంది. పెర్మ్ గానీ, దాని తర్వాత యాజమాన్యం ఇమిగ్రేషన్ శాఖకు ఇచ్చే ఐ-140 దరఖాస్తు గానీ వేసి ఏడాది దాటితేనో, ఐ-140 ఆమోదం పొందితేనో ఆరేళ్ల తర్వాత కూడా హెచ్-1బి పొడిగిస్తారు. మూడో ఏడాది సమీక్ష దాకా ఆగి, అప్పుడు ప్రకటనతో మొదలుపెడితే ఈ రెండు గడువులూ ఒకేసారి మీద పడతాయి.

ఇప్పుడే ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. మీ ఉద్యోగ ప్రకటన జాతీయ స్థాయి వృత్తి పత్రికలో వచ్చిందా? పత్రిక వెబ్‌సైట్‌లోనే వేసి ఉంటే కనీసం 30 రోజులు ఉందా? మొదటి రోజు, చివరి రోజు ఆ పేజీని తేదీ కనబడేలా ప్రింట్ తీసి దాచారా? ఎందరు దరఖాస్తు చేశారో, ఎవరిని ఏ కారణంతో పక్కన పెట్టారో చెప్పే కమిటీ నివేదిక ఫైల్లో ఉందా? కమిటీ సభ్యులు వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లిపోయాక ఈ కాగితాలు వెతకడం ఎంత నరకమో చూసినవాణ్ని. తరగతి బోధన ఉన్న ఉద్యోగాలకే ఈ సౌకర్యం వర్తిస్తుంది కాబట్టి, ఆఫర్ లెటర్‌లో బోధన బాధ్యతలు స్పష్టంగా రాయించుకోండి.

డబ్బు విషయంలోనూ తడబడకండి. పెర్మ్ ఖర్చులు, లాయర్ ఫీజుతో సహా, యాజమాన్యమే భరించాలని 2007 నుంచి నిబంధన ఉంది. ఐ-140 ఫీజు మీతో కట్టించవచ్చు. అది ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. "గ్రీన్‌కార్డు దరఖాస్తును 18 నెలల గడువులోపు విశ్వవిద్యాలయం తన ఖర్చుతో దాఖలు చేస్తుంది" అని ఒక్క వాక్యం లెటర్‌లో చేర్చమనండి. నోటి మాట సరిపోదు. రేపు డీన్ మారితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

మరో జవాబు

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక సంగతి కలుపుతాను. భారతదేశంలో పుట్టినవారికి ఇబి-2 (ఉన్నత చదువులు చదివిన ఉద్యోగుల విభాగం) గ్రీన్‌కార్డు వరుస 2025 చివర్లో కూడా 2013లో పెర్మ్ వేసినవారి దగ్గరే ఉంది. అందువల్ల వరుసలో తేదీ ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఐ-140 ఆమోదం పొందాక ఉద్యోగం మారినా సాధారణంగా ఆ తేదీ మీ వెంటే వస్తుంది. మూడేళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, మంచి ప్రచురణలు సమకూరాక పెర్మ్ అవసరం లేని ఇబి-1బి (పేరున్న ప్రొఫెసర్లు, పరిశోధకుల విభాగం) వేయమని అడగండి. ఆ వరుస చాలా పొట్టిది. పాత తేదీ అక్కడా పనికొస్తుంది. పెళ్లయి ఉంటే, ఐ-140 ఆమోదంతో హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ వీసా) మీద ఉన్న మీ భర్త పని అనుమతికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రశ్న

ఇద్దరికీ ఎంతో ధన్యవాదాలు. ఈ రోజే ఈమెయిల్ రాస్తాను. హెచ్-1బికి లాటరీ భయం లేదు కదా? జూన్‌లో ఇండియా వెళ్లి రావచ్చా?

జవాబు

లాటరీ లేదమ్మా. లాటరీ ఉండేది ఏటా ఇన్నే హెచ్-1బిలు ఇవ్వాలన్న కోటా వల్ల; 2000 నాటి చట్టం విశ్వవిద్యాలయాలను ఆ కోటా నుంచి మినహాయించింది. ఏడాదిలో ఎప్పుడైనా వేయవచ్చు. అయితే తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే మాత్రం లాటరీలో నిలబడాల్సిందే.

ప్రయాణం గురించి గట్టిగానే చెబుతాను. ఓపీటీ నుంచి హెచ్-1బికి మార్పు కోరిన దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే, ఆ మార్పు కోరిక వదులుకున్నట్టే లెక్క. 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్-1బిలకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. విశ్వవిద్యాలయాలకు దాని నుంచి మినహాయింపు ఇవ్వలేదు. దేశంలో ఉండి స్థితి మార్చుకునేవారికి అది వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ అక్టోబరులో స్పష్టం చేసింది. మధ్యలో బయటికి వెళ్తే ఆ రక్షణ పోతుంది. ఏ విభాగమూ ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కోసం లక్ష డాలర్లు పెట్టదు. దరఖాస్తు వేయకముందే వెళ్లి రండి, లేదా ఆమోదపత్రం చేతికొచ్చాక వెళ్లండి. టికెట్ కొనేముందు తాజా నిబంధన ఏమిటో ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.