వేట తండ్రి నేర్పే విద్యా, అడవిలో తిరిగితే అబ్బే విద్యా?

ప్రశ్నార్థకం:
మధ్య ఆఫ్రికా అడవుల్లో వలలతో వేటాడే అకా ప్రజలను, తమకు వచ్చిన పనులను ఎవరి దగ్గర నేర్చుకున్నారని హ్యూలెట్, కావల్లీ-స్ఫోర్జా అడిగి, ఫలితాలను 1986లో ప్రచురించారు. దాదాపు 80 శాతం తల్లిదండ్రుల పేరే వచ్చింది. దీన్నిబట్టి వేట ఇంటి విద్య అనీ, తండ్రి నేర్పకపోతే ఆ తరంతోనే పోతుందనీ నా వాదన. కాదనేవారు కారణం చెప్పాలి.

తూర్పుగట్టు:
ఆ లెక్కతో నాకు పేచీ లేదు, మీరు దాని నుంచి తేల్చిన విషయంతోనే ఉంది. అవి పెద్దవాళ్లు చిన్ననాటి సంగతి గుర్తు చేసుకుని చెప్పిన జవాబులు. మనలో ఈత వచ్చినవాళ్లను అడిగినా, బావిలోకి తోసిన మేనమామ పేరు చెబుతారే తప్ప ఆ వేసవంతా కలిసి ఈదిన జట్టు పేర్లు చెప్పరు.

టాంజానియాలో ఇయాసి సరస్సు పరిసరాల హాద్జా పిల్లల చేతికి పసితనంలోనే చిన్న విల్లు వస్తుంది. ఆపైన వాళ్లు పెద్దల ప్రమేయం లేకుండా జట్లుగా తిరుగుతూ పిట్టల మీద గురి కుదుర్చుకుంటారు. బాణపు పుల్లను నిప్పు మీద కాచి, పంటితో పట్టి వంకర తీయడాన్ని పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటారు; కూర్చోబెట్టి పాఠం చెప్పడం అరుదు.

గురి కుదిరినంత మాత్రాన వేట వచ్చినట్టు కాదు. బొలీవియాలోని చిమానే వేటగాళ్లను పరిశీలించి గుర్వెన్, కాప్లాన్, గుటియెర్రెజ్ 2006లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ కీలకం. కదలని గురిని కొట్టడం, వాసన, అరుపు, అడుగు, పెంటిక వంటి ఆనవాళ్లను పసిగట్టడం ఒళ్లు ఎదిగేసరికి వచ్చేస్తాయి గానీ, జంతువుకు నిజంగా ఎదురుపడటానికీ, దాన్ని చేజిక్కించుకోవడానికీ కావలసిన నేర్పు కుదరడానికి ఆ తర్వాత మరో 10 నుంచి 20 ఏళ్లు పట్టవచ్చు. 40 ప్రాంతాల్లో 1,800 మందికి పైగా వేటగాళ్ల వివరాలను కలిపి చూసిన 2020 నాటి పరిశోధన కూడా నైపుణ్యం సగటున 30–35 ఏళ్ల మధ్య పతాక స్థాయికి చేరుతుందని తేల్చింది. తండ్రి చూపించగలిగింది మొదటి భాగమే. అడవిలో తిరిగే ఆ ఏళ్లు దొరకనప్పుడు, ఎంత నేర్పరి తండ్రి ఉన్నా కొడుకు సగం వేటగాడిగానే మిగులుతాడు.

గిరిపుత్ర:
మీ మాట నల్లమలకు వర్తింపజేసి చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. చెంచు యువకుడికి మీరన్న ఏళ్లు చట్టప్రకారం లేనట్టే. అయినా జాడ చదివే విద్య పోలేదు; నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో చెంచులను కాపలా పనికి పెట్టుకోవడంలో ఆ విద్యకున్న విలువ తెలుస్తూనే ఉంది. వేట లేకపోయినా వేటగాడి చూపు తరం దాటగలదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

తూర్పుగట్టు:
గిరిపుత్ర గారూ, ఆ చూపు ఇంకా బతికే ఉందన్నంతవరకు ఒప్పుకుంటాను. చట్టాన్ని సడలించాలని కూడా నేను అనడం లేదు. అయితే హాద్జా వేటగాడు విషబాణం తగిలిన జంతువును వెంటనే తరమకుండా కొంతసేపు ఆగి, ఆ తర్వాత నెత్తుటి చుక్కనూ ఒరిగిన గడ్డినీ పట్టుకుని గంటల తరబడి వెతుకుతాడు. జాడను తప్పు చదివితే ఆ పూట మాంసం దక్కదు, కాబట్టి తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. కాపలాలో పులి ఏ దిక్కుకు వెళ్లిందో నమోదు చేయడంతో పని ముగుస్తుంది. దారిలో కెమెరా ఉంటే తప్ప పొరపాటును సరిదిద్దేది లేదు.

అంతకంటే పెద్ద చిక్కు వయసుది. ఇప్పుడు కాపలా కాసేవారి చూపు తరం దాటిందనాలంటే పదేళ్ల పిల్లవాడు కూడా వాళ్ల వెంట నడవాలి, జీతం మీద చేసే ఉద్యోగంలో అది కుదరదు. తేనెకూ గడ్డలకూ ఇంటిల్లిపాదీ అడవికి వెళ్లే చెంచు పెంటలను (గూడేలను) చూపి మీరు ఇదే వాదన చేస్తే, నేను కాదనలేను.