హెస్ లెక్క: సమీకరణాలు కలపాలా, సూత్రం వేసేయాలా?

రాయగడ ట్యూషన్ మాస్టారు:
ప్లస్ టూ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. హెస్ నియమం తెలుసుగా: చర్య ఏ దారిలో జరిగినా మొత్తం వేడి మార్పు ఒకటే, అందుకే తెలిసిన చర్యల్ని కలిపి తెలియనిదాని వేడి కట్టొచ్చు. దహన ఎంథాల్పీలు (ఒక మోల్ పూర్తిగా కాలితే వచ్చే వేడి మార్పు) ఇచ్చి మొన్న మీథేన్ సంశ్లేషణ ఎంథాల్పీ (మూలకాల నుంచి ఒక మోల్ ఏర్పడితే వచ్చే వేడి మార్పు; వేడి బయటికొస్తే మైనస్, లోపలికి పోతే ప్లస్) కట్టమంటే సగం బ్యాచ్‌కి ప్లస్ 13.2 కిలోజౌళ్లు వచ్చింది. రావాల్సింది మైనస్ 74.8. అందరూ సూత్రం వేసినవాళ్లే. ఇక సమీకరణాలు రాసి కలిపితేనే మార్కులు ఇద్దామనుకుంటున్నా. ఏమంటారు?

గుణుపురం కుర్రాడు:
అయితే మేం అయిపోయినట్టే మాస్టారూ! ఎంట్రన్స్‌లో లెక్కకి నిమిషం కూడా ఉండదు. కార్బన్‌కి మైనస్ 393.5, హైడ్రోజన్‌కి మైనస్ 285.8 రెండుసార్లు, అందులోంచి మీథేన్‌ది మైనస్ 890.3 తీసేస్తే మైనస్ 74.8. మూడు సమీకరణాలు రాసేలోపు పక్కవాడు పేజీ తిప్పేస్తాడు.

పర్లాకిమిడి లెక్చరర్:
మాస్టారూ, తప్పు సూత్రానిది కాదండి. మీ పిల్లలు ద్రవ నీటికి బదులు ఆవిరి విలువ, మైనస్ 241.8 వేశారు. మోల్‌కి 44 తేడా, రెండు మోల్‌లకి 88. మైనస్ 74.8కి 88 కలిపి చూడండి, సరిగ్గా 13.2.

రాయగడ ట్యూషన్ మాస్టారు:
నిజమేనండి, వాళ్లు పట్టికలో పక్క గడి చూశారు. కానీ సమీకరణాలు ఒకదాని కింద ఒకటి రాసి ఉంటే ఒకవైపు ఆవిరి, ఇంకోవైపు ద్రవం కనబడేవి. రెండూ కొట్టేసుకోవు, పిల్లాడి చెయ్యి అక్కడే ఆగేది. సూత్రంలో ఆగే చోటే లేదు.

అసలు హెస్ 1840లో చెప్పింది ఈ కూడికే కదా. బొగ్గుని కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆపి వేడి కొలవలేం, కొంత డయాక్సైడ్ అయిపోతుంది. అందుకని బొగ్గు పూర్తిగా కాలితే వచ్చే 393.5లోంచి మోనాక్సైడ్ కాలితే వచ్చే 283 తీసి 110.5 అంటాం, మైనస్ గుర్తుతో. ఇక్కడ రైలు పట్టాలు అతికేటప్పుడు అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపి అంటిస్తే కళ్లు చెదిరే వెలుగుతో ఇనుము కరిగి కారుతుంది. ఐరన్ ఆక్సైడ్ విడిపోవడానికి 824 ఖర్చు, అల్యూమినియం ఆక్సైడ్ ఏర్పడితే 1676 రాబడి. మిగిలిన 852 ఆ మంటే. ఇది రెండు వరసల్లో రాసిన పిల్లాడు మళ్లీ మర్చిపోడు.

గుణుపురం కుర్రాడు:
దానికీ సూత్రం ఉంది కదా మాస్టారూ, ఉత్పన్నాల (ఏర్పడేవాటి) సంశ్లేషణ విలువల్లోంచి క్రియాజనకాలవి (చర్యలో పాల్గొనేవాటివి) తీసెయ్యడం.

రాయగడ ట్యూషన్ మాస్టారు:
ఉంది. మరి నీ మీథేన్ లెక్కలో తిరగేసి, క్రియాజనకాలలోంచి ఉత్పన్నాలు ఎందుకు తీశావు నాయనా?

పర్లాకిమిడి లెక్చరర్:
దొరికాడు! కానీ పరీక్ష హాల్లో మాత్రం నేను కుర్రాడి పక్షమే.

గుణుపురం కుర్రాడు:
కాగితం మీద రాసి చూశాను. మీథేన్ కాలే సమీకరణాన్ని వెనక్కి తిప్పాలి, అందుకే గుర్తు మారింది. ఇదే ఊపులో బెంజీన్ కూడా చేశా. మైనస్ 3267 తిప్పి కలిపితే ప్లస్ 48.6 వచ్చింది. నీళ్లు ద్రవమే వేశాను, ఒట్టు. ఇదీ తప్పేనా?

రాయగడ ట్యూషన్ మాస్టారు:
కాదు. దానికి నిజంగానే ప్లస్.