స్కోప్ నాబ్ పైకి తిప్పితే గీత కిందకి గెంతుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. కాకినాడలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ టీవీ బోర్డులు, అప్పుడప్పుడు వెల్డింగ్ మెషీన్ కార్డులు చూస్తుంటాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో రెండు ఛానెళ్ల డిజిటల్ స్కోప్ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్) ఒకటి కొన్నాను. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒకటో ఛానెల్ గీతను పైకీ కిందకీ జరిపే పొజిషన్ నాబ్ మాట వినడం లేదు. పైకి తిప్పితే గీత కొంచెం పైకెళ్లి, అంతలోనే కిందకి గెంతుతుంది. మెల్లగా తిప్పితే ఒక్కోసారి అసలు కదలదు. గబగబా తిప్పితే ఎటు పోతుందో చెప్పలేం. వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్ బాగానే పనిచేస్తోంది. ట్రిగ్గర్ లెవెల్ నాబ్ కూడా ఈ మధ్యే కొద్దికొద్దిగా మొదలుపెట్టింది.

పక్క షాపు అన్న, నాబ్ పీకి సందులోంచి డబ్ల్యూడీ-40 కొట్టేయమన్నాడు. డబ్బా చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయాను. నాకున్నది ఈ ఒక్క స్కోపే. ఇది పోతే పని మొత్తం ఆగిపోతుందని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (హైదరాబాద్, సర్వీస్ టెక్నీషియన్)

తమ్ముడూ, కొట్టకుండా ఆగి మంచి పని చేశావు. ఇరవై ఏళ్లకు పైగా టెస్ట్ పరికరాల సర్వీసింగే నా బతుకు. నాబ్ సమస్యతో వచ్చే పరికరాల్లో, అంతకుముందే ఎవరో ఏదో స్ప్రే కొట్టి తెచ్చినవే నాకు ఎక్కువ పని పెడతాయి. మామూలు డబ్ల్యూడీ-40 తడి తోలడానికీ, తుప్పు వదలడానికీ చేసింది. అది ఆరిపోయాక కూడా నూనె పొర మిగులుతుంది, దాని మీద దుమ్ము పడుతుంది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ కూడా విడిగా అమ్ముతుంది, అది వేరే సరుకు. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవాలి.

ముందు ఆ నాబ్ కింద ఏముందో తేల్చుకోవాలి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ కింద మూడు రకాలుంటాయి: పాట్ (పొటెన్షియోమీటర్, తిప్పితే రెసిస్టెన్స్ మారేది), రోటరీ స్విచ్, ఎన్‌కోడర్. చేత్తో తిప్పి చూస్తేనే సగం తెలుస్తుంది. రెండు చివర్లా ఆగిపోతే పాట్. పెద్ద పెద్ద అడుగులతో గట్టిగా టకటకమని పడితే రోటరీ స్విచ్. ఎంత తిప్పినా అడ్డం లేకుండా తిరుగుతూనే ఉంటే ఎన్‌కోడర్. డిజిటల్ స్కోప్‌లో పొజిషన్ నాబ్ దాదాపు ఎప్పుడూ ఎన్‌కోడరే.

ఎన్‌కోడర్‌లో రెసిస్టెన్స్ ట్రాక్ ఉండదు. లోపల రెండు చిన్న స్విచ్‌లు ఉంటాయి, వాటిని ఏ, బీ అందాం. షాఫ్ట్ తిరుగుతుంటే రెండూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, కానీ ఒకదాని వెనక ఒకటి, కొంచెం తేడాతో. ఏ ముందు మూసుకుంటే ఒక దిశ, బీ ముందు మూసుకుంటే రెండో దిశ. ప్రాసెసర్‌కి దిశ తెలిసేది ఈ వరసను బట్టే. ఇప్పుడు బీ కాంటాక్ట్ మీద మురికి పట్టి, మూసుకోవాల్సిన చోట మూసుకోలేదనుకో. వరస తప్పుతుంది. నువ్వు పైకి తిప్పుతున్నా ప్రాసెసర్‌కి కిందకి తిప్పినట్టు కనిపిస్తుంది. నీ గీత గెంతడానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే.

అయినా విప్పే ముందు ఒక్క పని చెయ్యి. నాబ్ షాఫ్ట్ మీద జారుతోందేమో చూడు. ప్లాస్టిక్ నాబ్ లోపల పగిలితే నాబ్ తిరుగుతుంది, షాఫ్ట్ తిరగదు. నాబ్ పీకేసి షాఫ్ట్‌ను నేరుగా వేళ్లతో తిప్పు. అప్పుడూ గెంతితే ఎన్‌కోడరే.

అడిగినవారు

నాబ్ పీకి తిప్పాను అన్నా. అప్పుడూ గెంతుతోంది. ఇక విప్పక తప్పదు కదా? మల్టీమీటర్‌తో చెక్ చేయొచ్చా, వేరే స్కోప్ కావాలా?

జవాబు (హైదరాబాద్, సర్వీస్ టెక్నీషియన్)

మల్టీమీటర్ చాలు. అయితే మెయిన్స్ వైరు పీకిన వెంటనే లోపల చెయ్యి పెట్టకు. పవర్ సప్లై బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా డీసీ నిలబడి ఉంటుంది. కాసేపు ఆగి, మీటర్‌తో కొలిచి, దిగిపోయిందని చూశాకే ముందుకెళ్లు. ఎవరి దగ్గరైనా పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్) స్కోప్ ఉంటే వాళ్లకి ఇంకో మాట. అందులో ట్యూబ్ దగ్గర వేల వోల్టులుంటాయి. అలవాటు లేనివాళ్లు ఒంటరిగా తెరవొద్దు.

విప్పుతున్నప్పుడు ప్రతి దశకీ ఫోన్‌తో ఫొటో తీసుకో. నాబ్‌లన్నీ ఏది ఎక్కడిదో వరసగా కాగితం మీద పెట్టు. ముందు ప్యానెల్ బోర్డుకి పోయే రిబ్బన్ కేబుల్‌ను వైరు పట్టి లాగకు, కనెక్టర్ పట్టి తియ్యి.

ఎన్‌కోడర్‌కి ఒక పక్క మూడు కాళ్లుంటాయి. సాధారణంగా నడిమిది కామన్, అటూ ఇటూ ఏ, బీ. ఇంకో పక్క రెండు కాళ్లుంటే అది నాబ్ నొక్కితే పనిచేసే స్విచ్. ఇవి కాక బాడీని పట్టుకునే రెండు వెడల్పాటి చెవులు ఉంటాయి. మీటర్‌ను రెసిస్టెన్స్ కొలిచే ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి కామన్‌కీ ఏ కీ మధ్య పట్టుకుని, షాఫ్ట్‌ను మెల్లగా, చాలా మెల్లగా తిప్పు. మూసుకున్న ప్రతిసారీ ఒకటి రెండు ఓమ్‌లు రావాలి. బీ తో కూడా అలాగే. ఒకచోట 3, ఇంకోచోట 400, మరోచోట ఓపెన్ (అసలు తగలడం లేదు) అని వస్తే కాంటాక్ట్ చెడిందని అర్థం. బీప్ మోడ్‌లో పెడితే మోసపోతావు. కొన్ని మీటర్లు 50 ఓమ్‌లున్నా బీప్ కొడతాయి.

పనిలో పనిగా షాఫ్ట్ మీద మార్కర్‌తో చుక్క పెట్టి, ఒక పూర్తి చుట్టుకి ఎన్ని క్లిక్‌లు పడుతున్నాయో, ఏ ఎన్నిసార్లు మూసుకుంటోందో లెక్కపెట్టి రాసుకో. కొత్తది కొనేటప్పుడు ఈ రెండు అంకెలే ప్రాణం.

మధ్యలో ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

సార్, ఎన్‌కోడర్ మార్చకుండా ఏ, బీ కాళ్ల నుంచి గ్రౌండ్‌కి చెరో చిన్న కెపాసిటర్ వేస్తే సరిపోతుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

జవాబు (హైదరాబాద్, సర్వీస్ టెక్నీషియన్)

కొంతవరకే నిజం. కాంటాక్ట్ మూసుకునేటప్పుడు కొద్ది క్షణం అదురుతుంది, దాన్నే బౌన్స్ అంటాం. 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ (కాలును సప్లై వోల్టేజ్‌కి కలిపే రెసిస్టర్) ఉన్నచోట 10 నానోఫారడ్ కెపాసిటర్ వేస్తే 0.1 మిల్లీసెకన్ టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజ్ మారడంలో ఆలస్యం) వస్తుంది, చిన్న అదురును అది మింగేస్తుంది. కానీ మురికి పట్టిన కాంటాక్ట్ సమస్య అదురు కాదు, రెసిస్టెన్స్. 3.3 వోల్టుల సప్లై, 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ ఉందనుకోండి. కాంటాక్ట్ కూడా 10 కిలో ఓమ్‌లు చూపిస్తే ఆ కాలు మీద 1.65 వోల్టులు నిలబడుతుంది. అది సున్నానా ఒకటా అని ప్రాసెసర్‌కి తెలియదు. కెపాసిటర్ ఎంత పెద్దది పెట్టినా ఆ 1.65 దిగదు. పైగా మరీ పెద్దది వేస్తే గబగబా తిప్పినప్పుడు నిజమైన పల్స్‌లు (కాంటాక్ట్ మూసుకున్న సంకేతాలు) కూడా పోతాయి.

మధ్యలో ప్రశ్న (పాలిటెక్నిక్ ల్యాబ్ నుంచి)

నమస్కారం సార్. నేను ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాకు స్కోప్‌లతో ఇబ్బంది లేదు. 0 నుంచి 30 వోల్టుల బెంచ్ పవర్ సప్లైలతోనే బాధ. వోల్టేజ్ నాబ్ తిప్పుతుంటే 5 దగ్గర ఉన్నది ఒక్కసారిగా పైకి కొడుతోంది. పోయిన వారం అలాగే జరిగి ఒక అబ్బాయి ప్రాజెక్ట్ బోర్డు కాలిపోయింది. వాడు నెల రోజులు కూర్చుని చేసుకున్నది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మాది కూడా ఎన్‌కోడరేనా?

జవాబు (హైదరాబాద్, సర్వీస్ టెక్నీషియన్)

అయ్యో, చదువుతుంటేనే బాధేసింది అమ్మా. మీ నాబ్ రెండు చివర్లా ఆగుతోందంటే అది పాట్. ముందు ఒక పని: ఆ సప్లైల మీద ఇప్పుడే కాగితం అంటించి, బాగయ్యేదాకా పిల్లలకి ఇవ్వకండి. చాలా సప్లైలలో పాట్ రెసిస్టెన్స్ పెరిగితే వోల్టేజ్ పెరిగేలా సర్క్యూట్ ఉంటుంది. ఎల్‌ఎమ్ 317 లాంటి రెగ్యులేటర్‌తో కట్టినవి మామూలుగా అంతే. పాట్ లోపల వైపర్ (ట్రాక్ మీద జరిగే కాంటాక్ట్) ఒక్క క్షణం ట్రాక్ వదిలిందంటే సర్క్యూట్‌కి అది పెద్ద రెసిస్టెన్స్‌లా కనిపించి, అవుట్‌పుట్ పైకి కొట్టేస్తుంది. ఆ అబ్బాయి బోర్డుకి జరిగింది అదే అయి ఉంటుంది.

పాట్ పరీక్షకి డిజిటల్ మీటర్ కన్నా పాత ముల్లు మీటర్ మేలు. మీ ల్యాబ్‌లో ఏ బీరువాలోనో ఒకటి ఉండే ఉంటుంది, తీయండి. సప్లై ఆపి, పాట్ వైర్లు విడదీసి, నడిమి కాలుకీ ఒక చివరి కాలుకీ మధ్య మీటర్ పెట్టి మెల్లగా తిప్పండి. ముల్లు నీళ్ల మీద పడవలా సాఫీగా పోవాలి. ఎక్కడైనా ఉలిక్కిపడితే ఆ చోట ట్రాక్ చెడింది. డిజిటల్ మీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది కాబట్టి ఆ ఉలికిపాటు దానికి అందదు.

మురికి మాత్రమే అయితే కాంటాక్ట్ క్లీనర్‌తో బాగవుతుంది. స్ప్రే గొట్టాన్ని కాళ్ల దగ్గరున్న సందులో పెట్టి చిన్న చుక్క కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పైసార్లు తిప్పండి. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. థిన్నర్, పెట్రోల్ దగ్గరికి కూడా రానివ్వకండి. కార్బన్ అరిగిపోయి ఉంటే మాత్రం శుభ్రం చేసినా కొద్ది రోజులే. విద్యార్థులు వాడే సప్లై కాబట్టి నా మాట విని మార్చేయండి. ఒక పాట్ ఖరీదు కాలిపోయిన బోర్డు ముందు ఎంత?

కొనేటప్పుడు విలువతో పాటు అక్షరం చూడండి. మన దగ్గర దొరికేవాటిలో బీ అని ఉంటే లీనియర్, ఏ అని ఉంటే ఆడియో వాల్యూమ్‌కి వాడే లాగ్ రకం. మీకు లీనియర్ కావాలి. లాగ్ రకం వేస్తే వోల్టేజ్ అంతా నాబ్ ఒక కొసకి పోగుపడుతుంది. వీలైతే, అదే విలువలో పది చుట్ల వైర్‌వౌండ్ పాట్ వేయండి. మామూలు పాట్‌లో 30 వోల్టులూ ఒక చుట్టు కూడా లేని తిప్పుడులో ఇరుక్కుంటాయి. పది చుట్లదైతే చుట్టుకి 3 వోల్టులు, 5.0 అంటే 5.0 దగ్గర ఆపొచ్చు. ప్యానెల్ వెనక చోటు సరిపోతుందో లేదో ముందే కొలుచుకోండి, దాని బాడీ పొడవుగా ఉంటుంది.

అడిగినవారు

అన్నా, విప్పి కొలిచాను. ఏ వైపు అంతటా 2 ఓమ్‌లే. బీ వైపు ఒకచోట 90, ఒకచోట 1,200, రెండు చోట్ల ఓపెన్. మీరు చెప్పినట్టే ఉంది. చుట్టుకి 24 క్లిక్‌లు, ఏ కూడా 24 సార్లు మూసుకుంటోంది. ఇప్పుడు ఇది ఊడదీయడం ఎలా? ఒకసారి ఇలాంటిదే తీయబోయి బోర్డు మీద రాగి ట్రాక్ లేపేశాను, ఆ భయం ఇంకా పోలేదు.

జవాబు (హైదరాబాద్, సర్వీస్ టెక్నీషియన్)

24 క్లిక్‌లు, 24 పల్స్‌లు రాసుకున్నావు కదా, అదే అడుగు. 30 క్లిక్‌లు 15 పల్స్‌ల రకం కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. అది వేస్తే రెండు క్లిక్‌లకి గాని ఒక అడుగు కదలదు. షాఫ్ట్ పొడవు, డీ ఆకారమా పళ్లున్నదా, నొక్కే స్విచ్ ఉందా లేదా, ఇవీ కలవాలి. పాతదాన్నే కాగితం మీద పెట్టి గీసి కొలతలు పంపు. ఇక్కడ కోఠీ గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో వెతుకుతాను, దొరికితే బస్సుకి వేయిస్తాను. రెండు తీసుకో, ట్రిగ్గర్‌ది కూడా పోయేలా ఉంది.

ఊడదీసేటప్పుడు పాత ఎన్‌కోడర్‌ను కాపాడాలని చూడకు. ట్రాక్‌లు లేచేది అక్కడే. మూడు కాళ్లనీ, రెండు కాళ్లనీ బాడీ దగ్గర సన్న కట్టర్‌తో కత్తిరించెయ్యి. తర్వాత చెవుల పని పట్టు. అవి గ్రౌండ్ రాగికి అతికి ఉంటాయి కాబట్టి వేడిని లాగేస్తాయి. ముందు కొత్త లెడ్ (సోల్డర్) కలిపి, ఫ్లక్స్ పూసి, సోల్డరింగ్ ఐరన్ వెడల్పు బిట్‌తో ఒక్కో చెవినీ కరిగిస్తూ అటూ ఇటూ మెల్లగా కదుపు. బలం పెట్టి పీకావో, రాగి దాంతోనే వచ్చేస్తుంది. బాడీ వచ్చాక మిగిలిన కాళ్లు ఒక్కొక్కటే వేడి చేసి ట్వీజర్‌తో లాగితే చాలు. రంధ్రాలు విక్‌తో (కరిగిన లెడ్‌ను పీల్చే రాగి అల్లిక) శుభ్రం చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బోర్డుకి పూర్తిగా ఆనిందని చూశాకే అతికించు. ఏటవాలుగా కూర్చుంటే నాబ్ ప్యానెల్‌కి రాసుకుంటుంది.

అడిగినవారు

ఆదివారం కూర్చుని రెండూ మార్చాను అన్నా. ఒక్క ట్రాక్ కూడా లేవలేదు. స్కోప్ ఆన్ చేసి, ప్రోబ్‌ను పరీక్ష కోసం స్కోప్ తనే ఇచ్చే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌కి తగిలించి నాబ్ తిప్పాను. క్లిక్‌కి ఒక అడుగు, పైకంటే పైకి, కిందకంటే కిందకి. కాసేపు ఊరికే తిప్పుతూ కూర్చున్నాను.

పాతదాన్ని చెవులు విప్పి లోపల చూశాను. గ్రీజు నల్లగా, గట్టిగా మైనంలా అయిపోయింది. బీ కాంటాక్ట్ రేకు తిరిగే దారంతా నల్లటి చార. మా షాపుకి సముద్రపు గాలి బాగా తగులుతుంది, రాత్రిళ్లు స్కోప్ మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాను. పాలిటెక్నిక్ మేడమ్ గారూ, మీ దగ్గర ముల్లు మీటర్ దొరక్కపోతే చెప్పండి, నా దగ్గర మా నాన్నగారిది ఒకటి ఉంది.