రోజూ ఆఫీసుకు కొట్టుకునే సెంటు: నకలు పెద్ద సీసానా, అసలు చిన్న సీసానా?

కొత్తసీసా:
రోజూ ఆఫీసుకు కొట్టుకోవడానికి మగవాళ్ల సెంటు ఒకటి చూస్తున్నాను. ఎక్కువ ఖర్చు పెట్టలేను. మధ్యాహ్నందాకా నిలిస్తే చాలు. పేరున్న సెంటును పోలి ఉండే నకలు పెద్ద సీసా కొనాలా, లేక అసలుదే చిన్న సీసా తీసుకోవాలా?

ఎనిమిదిగంటలు:
నకలే కొనండి, ఆలోచించకండి. 2010లో వచ్చిన ఖరీదైన సెంటు క్రీడ్ అవెంటస్‌ను పోలినది ఆర్మాఫ్ వాళ్ల క్లబ్ డి న్యుయి ఇంటెన్స్ మ్యాన్. రెండింటి ధరలకూ పొంతనే లేదు. కొట్టగానే నిమ్మ వాసన ముక్కును పొడుస్తుంది, ఆ కాసేపూ ఓర్చుకోండి. తర్వాత పొగ చూరిన కట్టె వాసనలోకి దిగుతుంది. సాయంత్రం చొక్కా విప్పేటప్పుడు కూడా తెలుస్తుంది. ఓ ద టాయిలెట్ (వాసన నూనె తక్కువ కలిపిన రకం) అని రాసి ఉన్నవాటి జోలికి మాత్రం పోవద్దు. అవి నిలవవు, డబ్బు దండగ.

మొండిముక్కు:
మీరు మెచ్చుకుంటున్న ఆ క్లబ్ డి న్యుయి పేరు పొందిందే ఓ ద టాయిలెట్‌గా. సీసా తిప్పి చూడండి.

సెంటులో కలిపే వాసన నూనె శాతం ఒక్కటే లెక్క కాదు. ఓ ద టాయిలెట్‌లో సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫంలో 15 నుంచి 20 శాతం ఉంటుందంటారు, నిజమే. కానీ అందులో ఏముందన్నదే అసలు సంగతి. నిమ్మజాతి నూనెలు ఎంత పోసినా తొందరగా ఆవిరైపోతాయి. కట్టె వాసనలు, కస్తూరి రకాలు, ఆంబ్రాక్సన్ లాంటి కృత్రిమ వాసన పదార్థాలు కొంచెమే వేసినా గంటల తరబడి ఉంటాయి.

కొత్తసీసా గారూ, నకలా అసలా అన్న చిక్కే మీకు అక్కర్లేదు. డేవిడాఫ్ కూల్ వాటర్ 1988 నాటిది, నాటికా వాయేజ్ 2006 నాటిది. రెండూ అసలువే, రెండూ చవకే. స్నానం చేసి అప్పుడే బయటికొచ్చినట్టుంటాయి తప్ప పక్కవాడి మీద పడవు.

ఎనిమిదిగంటలు:
కూల్ వాటర్ నా ఒంటి మీద రెండు గంటలు కూడా ఉండదు. చవక అంటే ఏమిటి? రోజుకు మూడుసార్లు కొట్టుకుంటే సీసా ఎన్నాళ్లు వస్తుంది? ధరను మిల్లీలీటర్లతో భాగిస్తే సరిపోదు, నిలిచే గంటలతో కూడా భాగించాలి.

పాతచొక్కా:
నకలు అమ్మడం నేరం కాదా?

సబ్బుబిళ్ల:
అదే పేరు, అదే డబ్బా పెట్టి అమ్మితే దొంగసరుకు. సొంత పేరుతో పోలిక వాసన అమ్మడం వేరు.

మొండిముక్కు:
రెండు గంటల్లో పోయింది సెంటు కాదు, మీ ముక్కుకు ఆ వాసన తెలియడం. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఎదుటివాళ్లకు మాత్రం గుప్పుమంటూనే ఉంటుంది. ఆ సంగతి తెలియకే జనం మళ్లీ మళ్లీ కొట్టుకుంటారు. నమ్మకపోతే ఇంకొకరిని అడిగి చూడండి.

ఎనిమిదిగంటలు:
సెంటు గురించి అడిగితే నా ముక్కుకు వైద్యం చేస్తున్నారు. గంటల మాటకు ఇంకా జవాబు రాలేదు.

పాతచొక్కా:
చొక్కా మీద కొడితే మరక పడదా?

మొండిముక్కు:
గంటలు, గంటలు! ఎవరి కోసమండీ ఆ గంటలు? మా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయనదీ ఇదే పట్టుదల. పొద్దున ఆయన లిఫ్టు దిగాక కూడా ఆ లిఫ్టు ఎక్కలేం. నాకు పార్శ్వపు నొప్పి ఉంది. పదకొండయ్యేసరికి కంటి వెనక మొదలవుతుంది. చెప్పుకుంటే కుర్చీ మార్చుకోమని నాకే సలహా ఇచ్చారు. కొట్టుకున్నది ఆయన, లేవాల్సింది నేను!

ఎనిమిదిగంటలు:
ఆయన మీది కోపం నా మీద తీర్చుకోకండి. మీకు కుర్చీ మార్చుకోమన్నారు. నన్ను పదిమందిలో, మీటింగు మధ్యలో, "కొంచెం అవతల కూర్చుంటారా" అన్నారు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని. పొద్దున స్నానం చేసే వెళ్లాను. నా ఒంటి తీరే అంత, చెమట ఆగదు. ఆ రోజు నుంచి సాయంత్రందాకా నిలవని సెంటు నాకు సెంటే కాదు. చెమట పట్టని వాళ్లకు "పక్కవాడి మీద పడకూడదు" అని చెప్పడం తేలికే.

గాలివాటం:
ఎవరైనా కిటికీ తెరవండి.

సబ్బుబిళ్ల:
అంటే ఇంతసేపూ మీరు వాదిస్తున్నది వాసన కప్పిపుచ్చడం గురించి, మొండిముక్కు గారు వాదిస్తున్నది వాసన లేకుండా బతకడం గురించి. ఎనిమిదిగంటలు గారూ, చెమటకు దానంతట దానికి వాసన పెద్దగా ఉండదు. చర్మం మీది బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. దానిమీద సెంటు కొడితే రెండూ కలిసి మూడోది తయారవుతుంది. అల్యూమినియం లవణాలున్న యాంటీపెర్‌స్పిరెంట్ రాత్రి పడుకునే ముందు, పొడి చర్మానికి రాయండి. అది చెమటనే తగ్గిస్తుంది. మామూలు డియోడరెంట్ ఆ పని చేయదు, కంపును మాత్రమే అదుపు చేస్తుంది.

ఎనిమిదిగంటలు:
రాశాను. చంకల్లో దద్దుర్లు లేచాయి. ఇక చెప్పండి.

సబ్బుబిళ్ల:
తుడిచిన తడి ఆరకముందే రాసినా, గీసుకున్న వెంటనే రాసినా మండుతుంది. రెండూ చూసుకున్నా లేస్తే చర్మ వైద్యుణ్ని అడగండి, ఇక్కడ కాదు.

మొండిముక్కు:
మీటింగులో అలా అనడం తప్పే, అది మొరటుతనం. అయినా నా తలనొప్పి నా తలనొప్పే. నొక్కులు తగ్గించండి. మెడ కింద ఒకటి, ఛాతీ మీద ఒకటి. చెయ్యి చాచినంత దూరంలో తెలిస్తే చాలదా?

ఎనిమిదిగంటలు:
నాలుగు.

మొండిముక్కు:
ఆ క్లబ్ డి న్యుయి నాలుగా? మనుషులుండే గదిలోనేనా?

కొత్తసీసా:
పరీక్షకు అమ్మే బుల్లి సీసా దొరికింది. వాయేజ్ తెప్పించుకుంటున్నాను. చొక్కా మీదా, ఒంటి మీదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఎనిమిదిగంటలు:
చొక్కా మీద.

మొండిముక్కు:
ఒంటి మీద. బట్టకు పట్టిందంటే మర్నాటికీ వదలదు.

ఎనిమిదిగంటలు:
నేను చెప్పేదీ అదే కదండీ.