ప్రతి చర్యకు ప్రతిచర్య: రెండు 'ప్రతి'లు, ఒక 'కు'

ప్రశ్న:
మా పాప తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. న్యూటన్ మూడో నియమాన్ని నోట్సులో ఇలా రాసుకుంది: "ప్రతిచర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది." మొదటి 'ప్రతి' తరవాత ఖాళీ వదలాలమ్మా అంటే, మరి రెండోదానికి ఎందుకు వదలకూడదు అంది. 'ప్రతి రోజు'లో ప్రతి, 'ప్రతిఫలం'లో ప్రతి ఒకటేనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు:
పాప సరైన చోటే పట్టుకుందండీ.

పుట్టుకలో రెండూ సంస్కృతపు 'ప్రతి'యే. ప్రతిదినం, ప్రతిధ్వని లాంటి సమాసాల్లో రెండూ అతికే వస్తాయి. 'ఒక్కొక్క' అనే అర్థం ఉన్నదాన్ని మాత్రం తెలుగు విడదీసి విశేషణంగా వాడుకుంది: ప్రతి ఊరు, ప్రతి మనిషి, ప్రతి బస్సు. 'ఎదురు', 'తిరిగి' అనే అర్థాల్లోది అతుక్కునే ఉండిపోయింది: ప్రతిధ్వని, ప్రతిఘటన, ప్రతిబింబం. ఖాళీ తీసేస్తే అర్థమే మారిపోతుంది కాబట్టి అక్కడ ఖాళీ తప్పనిసరి.

అయితే ఆ మొదటి 'ప్రతి' న్యూటన్ రాయనేలేదు. 1687లో వచ్చిన ఆయన లాటిన్ గ్రంథంలో ఉన్నది 'ఎల్లప్పుడూ' అనే మాట. ఆ వాక్యం తెలుగులో దాదాపు ఇలా వస్తుంది: "ప్రతిచర్య ఎల్లప్పుడూ చర్యకు వ్యతిరేకంగా, సమానంగా ఉంటుంది, అంటే, రెండు వస్తువులు ఒకదానిమీద ఒకటి చూపే చర్యలు ఎల్లప్పుడూ సమానం, వాటి దిశలు ఎదురెదురు." 'ప్రతి చర్యకూ' అనే ఎత్తుగడ తరవాత ఇంగ్లీషులో స్థిరపడ్డ వాడుక. మనకు అక్కణ్ణుంచే వచ్చింది.

నా దృష్టిలో ఇక్కడ అసలు చిక్కు 'ప్రతి'ది కాదు, 'కు'ది. లాటిన్‌లోనూ 'చర్యకు' అనే అర్థమిచ్చే విభక్తే ఉంది. కానీ అక్కడ అది సమానం, వ్యతిరేకం అనే మాటలతో అన్వయిస్తుంది: దేనికి సమానం? చర్యకు. మన వాక్యం చివర 'ఉంటుంది' అని ముగిసేసరికి చదివేవాళ్ల మనసు 'చర్యకు... ప్రతిచర్య ఉంటుంది' అని కలిపేసుకుంటుంది. చేసిన పనికి ఫలితం ఉంటుంది, తప్పుకు శిక్ష ఉంటుంది అన్నట్టు. ముందు ఒకటి జరిగి, దానికి బదులుగా ఇంకొకటి వస్తుందన్న భావం అలా దూరిపోతుంది. రాజకీయ ప్రసంగాల్లో ఈ నియమం బెదిరింపుగా మారడానికి దారి ఇదే. ప్రతీకారం తరవాత వస్తుంది, చేసేవాడు తలుచుకుంటే వస్తుంది. మూడో నియమంలో తరవాత అనేదే లేదు, రెండు బలాలూ ఒకేసారి పుడతాయి, ఒకేసారి పోతాయి. ఏది చర్య, ఏది ప్రతిచర్య అన్నది మనం పెట్టుకునే పేరు మాత్రమే, తిరగేసి చెప్పినా తేడా రాదు.

న్యూటన్ వాక్యంలో రెండో సగాన్ని మనవాళ్లు చాలాచోట్ల వదిలేశారు. నాకు బాధ కలిగించేది అదే. 'అంటే' అని ఆయనే విడమరిచి చెప్పిన ముక్క అది. వెంటనే ఉదాహరణలూ ఇచ్చాడు: వేలితో రాయిని నొక్కితే రాయి కూడా వేలిని నొక్కుతుంది, తాడు కట్టి రాయిని లాగే గుర్రాన్ని రాయి కూడా అంతే బలంతో వెనక్కి లాగుతుంది. మరి గుర్రం ఎలా కదులుతుందని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. రెండు బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే రెండూ ఒకే వస్తువు మీద ఉండాలి. ఇక్కడ ఒకటి రాయి మీద, ఇంకొకటి గుర్రం మీద. గుర్రం గిట్టలతో నేలను వెనక్కి తోస్తుంది, నేల గుర్రాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపు రాయి లాగేదానికంటే ఎక్కువైనప్పుడు గుర్రం కదులుతుంది. బురదలో గిట్టలు జారితే నేలను తోయలేదు, అక్కడే ఆగిపోతుంది.

దీన్ని చెప్పడానికి తెలుగులో చక్కటి ఏర్పాటు ముందే ఉంది: 'కొను'. వండుకున్నాడు, చదువుకున్నాడు అంటే తన కోసం. కర్త ఇద్దరైతే అదే 'కొను' పరస్పరం అనే అర్థాన్నీ ఇస్తుంది: కొట్టుకున్నారు, తోసుకున్నారు, కావలించుకున్నారు. 'తోసుకున్నారు' అన్నాక ఎవరు ముందు తోశారన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు. ఒకే క్రియ, ఇద్దరు కర్తలు, ఒకే సమయం. మూడో నియమానికి ఇంతకంటే దగ్గర మాట చర్య, ప్రతిచర్యల జంటలో నాకు కనబడదు.

దీంతో ఒక మంచి పరీక్ష కూడా పెట్టొచ్చు. బల్ల మీద కిలో పుస్తకం ఉంది. పుస్తకం బరువు చర్య, బల్ల పైకి నెట్టడం ప్రతిచర్య అని చాలామంది రాసేస్తారు. తప్పు, ఆ రెండూ పుస్తకం మీదే ఉన్నాయి. 'కొను' పెట్టి చెప్పి చూడండి: భూమీ పుస్తకమూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పుస్తకమూ బల్లా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. క్రియలు రెండు, కాబట్టి జంటలూ రెండు. భూమి పుస్తకాన్ని సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగితే పుస్తకం కూడా భూమిని 9.8 న్యూటన్లతోనే లాగుతుంది. భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నాలన్ని కిలోలు కాబట్టి దాని కదలిక మనకు తెలియదు.

మరో సభ్యురాలు:
'కొను' బాగుందండీ, కానీ ఒక సందేహం. 'తిట్టుకున్నారు' అంటే ఇద్దరూ సమానంగా తిట్టుకున్నారని అర్థం రాదు కదా. లారీ, స్కూటరూ గుద్దుకుంటే స్కూటరే నుజ్జవుతుంది. పైగా రసాయనశాస్త్రంలో రియాక్షన్‌ని 'చర్య' అంటాం, భౌతికశాస్త్రంలో 'ప్రతిచర్య' అంటాం. పిల్లలకు అదొక తికమక.

జవాబు:
మీరన్నది నిజమే. 'సమానం' అనే మాట 'కొను'లో లేదు, విడిగా చెప్పి తీరాలి. 'రెండు వస్తువులు ఒకదానిమీద ఒకటి సమానమైన బలాలను ఎదురెదురు దిశల్లో చూపుకుంటాయి' అంటే సరిపోతుంది.

స్కూటరు సంగతి రెండో నియమంలోకి వస్తుంది: ఒకే బలానికి ద్రవ్యరాశి తక్కువైన వస్తువుకు త్వరణం, అంటే వేగంలో మార్పు, ఎక్కువ. బలం సమానమని మూడో నియమం అంది, నష్టం సమానమని అనలేదు. లారీ 10,000 కిలోలు, మనిషితో కలిపి స్కూటరు 200 కిలోలు అనుకోండి. ఇద్దరి మీదా అదే బలం పడితే స్కూటరు త్వరణం లారీకి వచ్చేదానికి 50 రెట్లు.

రసాయన చర్యలో ఆ మాట కుదిరింది. అక్కడ ఎదురు అనే అర్థం అక్కర్లేదు, పదార్థాల మధ్య జరిగే పని అంతే. రెండు శాస్త్రాల్లో ఒకే మాట ఉండాలన్న పట్టుదల నాకు లేదు.

ఇంకొకటి చెప్పాలి. రాకెట్ గాలిని తన్నుకుని పైకి పోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం శూన్యంలో రాకెట్ పనిచేయదంటూ అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను తప్పుబట్టింది. అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, 1969 జూలై 17న, సవరణ వేసుకుంది. రాకెట్టూ అది వెళ్లగక్కే వాయువూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మూడోదానితో పని లేదు. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీలో చివరి దశలు గాలి దాదాపు లేనిచోటే మండుతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి పరీక్షలో పాప ఏం రాయాలి? పుస్తకంలో లేని వాక్యం రాస్తే మార్కులు పోతాయని దానికి టెన్షన్.

జవాబు:
పుస్తకంలో ఉన్న వాక్యమే రాయమనండి, మొదటి 'ప్రతి' తరవాత ఖాళీ వదిలి. కింద ఇంకో వాక్యం కలపమనండి: "ఈ రెండు బలాలూ ఒకేసారి, రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి." దానికి మార్కులు తగ్గించే మాస్టారు ఉండరు.