సర్పంచ్ సీటు వేలంల అమ్ముడుపోతే ఇంక నా ఓటు ఎందుకు?

పల్లె_ఓటరు (దేవరకొండ సైడు)

అన్నలకు అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు, పేరు చెప్పను. నాకు 22 ఏండ్లు, అసెంబ్లీకి ఎంపీకి ఓటేసిన గాని సర్పంచ్ ఓటు ఇదే మొదటిసారి. పాత సర్పంచుల టైం 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది, అప్పటిసంది స్పెషల్ ఆఫీసరే, మోరీలు తీసెటోడు లేడు, వీధి లైటు పోతే అడుగుదామంటే మనిషి దొరకడు, అందుకే ఎలక్షన్ ఎప్పుడొస్తదా అని చూసిన. తీరా వచ్చినంక పెద్దమనుషులు బొడ్రాయి కాడ కూసొని ఈసారి ఏకగ్రీవం అన్నరు. సరే, మంచిగ పనిచేసెటోణ్ణి చూసి పెడ్తరేమో అనుకున్న. కాని వేలం పాట పెట్టిండ్రు. హనుమాండ్ల గుడికి ఎవరు ఎక్కువిస్తే వాళ్లే సర్పంచ్, ఇంకెవ్వలు నామినేషన్ వెయ్యొద్దు, వేస్తే 5 లక్షలు జుర్మానా. పాట 20 లక్షలు దాటింది. ఇంటికొక్కరితోని తెల్ల కాయితం మీద సంతకం తీసుకుండ్రు, చదువు రానోళ్లతోని ఏలిముద్ర, అండ్ల ఏం రాసిండ్రో చదివి చెప్పనే లేదు.

నేను వాట్సాప్ స్టేటస్ పెట్టిన, 20 లక్షలు పెట్టినాయన అవి ఏడికెళ్లి తిరిగి తీసుకుంటడు అని. గంతే. ఒక్క తిట్టు లేదు, ఎవ్వరి పేరు లేదు. రాత్రి నలుగురు ఇంటికొచ్చి నన్ను పిలవకుంట మా నాయినతోని మాట్లాడిండ్రు. మా బత్తాయి తోటకు నీళ్లు పక్కోళ్ల బోరు నుంచే వస్తయి, ఆ పక్కాయన కూడా ఆ నలుగురిల ఉన్నడు. నాయిన ఏం అనలేదు, స్టేటస్ తీసెయ్ బిడ్డా అన్నడు, తీసేసిన.

ఒక్కరే నిలబడితే పోలింగే ఉండదు, నోటాకు ముద్ర వేసే చాన్స్ కూడా పాయె. 18 ఏండ్లకు ఓటు ఇచ్చిండ్రు, మాట్లాడే హక్కు రాజ్యాంగంల ఉన్నది అని చదువుకున్నం, ఊర్లకు వచ్చేసరికి అవన్ని ఏడికి పోతున్నయి? ఇది ప్రజాస్వామ్యం అంటే నేను ఒప్పుకోను. మీ ఊర్లల్ల ఎట్లున్నది, ఏమన్న చెయ్యొచ్చా చెప్పుండ్రి.

ఊరుబిడ్డ

తమ్మీ నీ బాధ అర్థమైంది గాని ఏకగ్రీవం అంటేనే తప్పు అన్నట్టు రాయకు. మాది మిర్యాలగూడ దగ్గర. మా ఊర్ల 2013 ల పోటీ అయింది, రెండు వర్గాలు పంతానికి పోయి ఓటుకు పైసలు, ఇంటింటికి మందు, గెలిచినోడు అప్పులపాలు ఓడినోడు అప్పులపాలు. ఎలక్షన్ అయినంక రెండేండ్లు ఒకరింట్ల పెండ్లికి ఒకరు పోలే, అన్నదమ్ముల పిల్లలే మాట్లాడుకోకపోయేది. అందుకే 2019 ల అందరం కూసొని ఒక రిటైర్డ్ సార్ ను బతిమిలాడి పెట్టినం, రూపాయి ఖర్చు కాలే, ఆయన ఉన్నన్ని దినాలు ఊరు సల్లగున్నది. పైసలు పంచి గెల్సుడు కూడా ప్రజాస్వామ్యం కాదు కదా?

పల్లె_ఓటరు

అన్నా మీ ఊర్ల చేసినదానికి నేను వ్యతిరేకం కాదు, మీరు మనిషిని చూసి పెట్టిండ్రు, వద్దన్నోళ్లు ఉంటే వద్దు అనే వీలు కూడా ఉండె. మా దగ్గర జుర్మానా అని ముందే బెదిరించిండ్రు. పైసలు పంచేటోడు కనీసం నా గడప తొక్కి నన్ను ఓటు అడుగుతడు, వీళ్లకు నాతోని అవసరమే లేకపాయె.

నల్లగొండ_సార్

ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి ఒక సంగతి గుర్తు చెయ్యాలె. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయి, పండ్లు గారపట్టి, ఎన్ని దరఖాస్తులు పెట్టినా వినేవాళ్లు లేకపోతే జలసాధన సమితి పిలుపుతోని మామూలు రైతులు పోయి నామినేషన్లు వేసిండ్రు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అచ్చు వెయ్యాల్సొచ్చి పోలింగే వాయిదా పడ్డది. గెలుస్తమని వెయ్యలేదు వాళ్లు, దాదాపు అందరికీ డిపాజిట్లు పోయినయి, కాని నల్లగొండ నీళ్ల గోస దేశమంతా తెలిసింది. ఆ తర్వాతనే ఎంపీ డిపాజిట్ 500 నుంచి 10 వేలు చేసిండ్రు, ఇప్పుడది 25 వేలు.

ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర బీదోడికి నామినేషన్ అంటే గెలుపోటముల ముచ్చట ఒక్కటే కాదు, నా మాట కూడా వినుండ్రి అని ఆఫీసు ముందర నిలబడి చెప్పే పద్ధతి. ఆ కాయితం వెయ్యొద్దు అంటే నోరు మూసుకొమ్మని చెప్పినట్టే. మిర్యాలగూడ తమ్ముడు చెప్పిన కొట్లాటలు నిజమే, నేనూ చూసిన, కాని ఆ భయం చూపించి ఊరి కుర్చీని అమ్మకానికి పెడితే ఎట్ల? 20 లక్షలు ఉన్నోడే పాటల కూసుంటడు, కూలికి పోయేటోడు ఈ జన్మల సర్పంచ్ అయితడా?

పాలమూరు_అక్క

మా దగ్గర (మహబూబ్‌నగర్ జిల్లా) ఇంకో తీరు. సీటు మహిళా రిజర్వేషన్ వచ్చింది, వేలం పాడింది అంతా మొగోళ్లే, పాట గెల్సినాయన భార్య పేరు మీద కాయితం వేసిన్రు, ఆమెను ఆ దినం ఎవ్వరు అడగలేదు. ఊర్ల సగం మంది పుణె, ముంబయి పనికి పోయిన్రు, మా అమ్మనాయిన కూడా ఆడనే. ఎలక్షన్ ఉంటే బస్సులు పెట్టి పిలిపిస్తరు, వేలానికి ఫోన్ కూడా చెయ్యలే. వలసపోయినోళ్లకు ఊరు లేదా?

తమ్మీ స్టేటస్ తీసేసిన అని బాధపడకు, కాయితం మీద అడుగు. పోయినేడాది నేను సమాచార హక్కు కింద మా పంచాయితీ ఖర్చు లెక్కలు అడిగిన. గ్రామ స్థాయిల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. ఇచ్చిన్రు. బ్లీచింగ్ పౌడర్ బస్తాల బిల్లు ఉన్నది, మా వాడల ఎవ్వరు సల్లంగ చూడలే. ఆ కాయితం జిరాక్స్ తీసి వాడల ఇంటింటికి ఇచ్చిన, నెల తిరగకముందే మోరీ తీసిన్రు. ఆడపిల్లకు ఎందుకు ఇవన్ని అన్నోళ్లు ఉన్నరు, అననీ.

కోర్టు_మెట్లు (నాగర్‌కర్నూల్)

చట్టం సంగతి చెప్తా. భారతీయ న్యాయ సంహిత 169 సెక్షన్ చూడు, ఎన్నికల హక్కు అంటే ఓటు వేయడం ఒక్కటే కాదు, పోటీకి నిలబడటం, నిలబడకపోవడం, విత్‌డ్రా చేసుకోవడం కూడా. దాన్ని బెదిరించి అడ్డుకుంటే 171 కిందకి వస్తది, ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. ఎవరినైనా పోటీ నుంచి తప్పించడానికి పైసలు ఇస్తే 170. గుడికి ఇచ్చినం అనేది వాళ్లు చెప్పుకునే మాట, 5 లక్షల జుర్మానా అన్న ముచ్చట మాత్రం సూటిగా బెదిరింపే. జుర్మానా అని మైకుల చెప్పిన ఆడియో, సంతకాల కాయితం ఫోటో ఉంటే దాచిపెట్టు. కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి, ఆయనకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాసి పంపు. నాయిన పేరు, బోరు ముచ్చట అండ్ల పెట్టకు. ఒక్కనివే పోకు, నలుగురు సంతకం పెడితే మంచిది.

పల్లె_ఓటరు

సార్, అక్కా, అన్నా అందరికి దండాలు. 480 మంది ముచ్చట మా నాయినను అడిగితే, మా తాత ఆ పుస్తకమంత బ్యాలెట్ మీదనే ఓటేసిండని చెప్పిండు, నాకు ఇన్నేండ్లు తెల్వనే తెల్వదు. మా ఫ్రెండ్స్ ముగ్గురు ఫిర్యాదు మీద సంతకం పెడ్తమన్నరు. సర్పంచ్ కు కాదు గాని వార్డు మెంబర్ కు నేనే వేద్దామని ఉన్నది, నాయిన ఇంకా అవునంటలేడు కాదంటలేడు. లాయర్ అన్నా ఒక డౌట్, ఓటర్ లిస్టుల నా పేరు మా అమ్మమ్మోళ్ల వార్డుల పడ్డది, మా వార్డుకు వేస్తే చెల్లుతదా?

కోర్టు_మెట్లు (నాగర్‌కర్నూల్)

చెల్లుతది, 21 నిండి ఊరి లిస్టుల పేరుంటే చాలు. నిన్ను ప్రతిపాదించేటాయన మాత్రం నువ్వు నిలబడే వార్డు ఓటరై ఉండాలె. ఆ వార్డు రిజర్వేషన్ ఏందో చూసుకో, ఇంటి పన్ను బాకీ ఉంటే ఇయ్యాళే కట్టి రసీదు తీసుకో. ఆఖరి దినం దాకా ఆగకు, పొద్దుగాల పోయి ఇచ్చి, ఇచ్చినట్టు కాయితం తీసుకొనే ఇంటికి రా.