అమెరికా అడ్మిషన్లు: డిగ్రీ పూర్తికాని తల్లిదండ్రుల పిల్లలు ఫస్ట్ జనరేషన్ (ఇంట్లో కాలేజీ చదువుకు వెళ్లే మొదటి తరం) కిందికి వస్తారా?

అమెరికాలో అండర్‌గ్రాడ్ అప్లికేషన్లు చూసినవాళ్లు చెప్పాలి. న్యూజెర్సీలో పన్నెండో తరగతి చదివే మా అన్నయ్య కూతురి గురించి. వాళ్ల నాన్నది పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా. అమ్మ బీకాం మూడేళ్లూ చదివింది, ఒక పేపరు మిగిలిపోయి పట్టా రాలేదు.

ట్రియో (వెనకబడిన విద్యార్థుల చదువుకు సాయపడే అమెరికా ప్రభుత్వ పథకాలు) చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ ఉండకూడదు. బిడ్డ తల్లిదండ్రుల్లో ఒక్కరి పోషణలోనే ఉంటే ఆ ఒక్కరి చదువే లెక్క. దీని ప్రకారం అమ్మాయి ఫస్ట్ జనరేషనే. కానీ కొన్ని కాలేజీలు ఇంట్లో ఎవరూ అసలు కాలేజీ గడపే తొక్కకూడదంటాయి. ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు)లోనూ 'కాలేజీకి వెళ్లలేదు', 'వెళ్లారు కానీ పూర్తి చేయలేదు' అనేవి వేర్వేరు జవాబులు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే తల్లిదండ్రుల్లో ఎవరికీ నాలుగేళ్ల డిగ్రీ ఉండకూడదంటుంది. ఇండియా బీకాం మూడేళ్లదే కాబట్టి పాసైనా లెక్కలోకి రాదని కొందరు చెప్పే కిటుకు మాత్రం నాకు రుచించదు. బ్యాచిలర్స్ డిగ్రీ ఏ దేశానిదైనా బ్యాచిలర్స్ డిగ్రీయే.

కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట పెట్టే అప్లికేషన్)లో అమ్మకు 'కొంత కాలేజీ' అని పెట్టడం సరే. నాన్న డిప్లొమా ఎక్కడ పెట్టాలి? 'ట్రేడ్ స్కూల్ లేదా కమ్యూనిటీ కాలేజీ పూర్తి' అన్నదే దగ్గరగా ఉంది, 'కాలేజీ పూర్తి' అని నొక్కితే మాత్రం అమ్మాయి హోదా పోతుంది. ఆ పెండింగ్ పేపరు సంగతి 'అదనపు సమాచారం'లో రెండు వాక్యాలు రాయాలా? సీటు వచ్చాక ఎవరైనా తల్లిదండ్రుల మార్కుల మెమోలు అడిగారా?